వేన్నీళ్లకు బ్యాటరీ తోడు

పదిహేను లీటర్ల బకెట్టు నిండా గోదావరి నీళ్లు తోడామనుకుందాం. సంక్రాంతి ముందు తెల్లవారుజామున ఆ నీళ్లు 24 డిగ్రీల దగ్గర ఉంటాయనీ, ఒళ్లు జలదరించకుండా పోసుకోవాలంటే 40 డిగ్రీలు కావాలనీ లెక్క వేసుకుందాం. ఆ 16 డిగ్రీలు ఎక్కించడానికి పట్టే శక్తితో అదే బకెట్టెడు నీళ్లను నిట్టనిలువుగా 6,800 మీటర్ల పైకి చేర్చవచ్చు. అంటే ఎవరెస్టు ఎత్తులో ముప్పాతిక.

నమ్మబుద్ధి కాదు గానీ, ఇంట్లో కరెంటు మీటరు చెప్పేదీ ఇదే. మేడ మీది ట్యాంకు నింపే మోటారు వేస్తే మీటరు నింపాదిగా నడుస్తుంది. గీజరు స్విచ్చి వేస్తే పరుగందుకుంటుంది. నీళ్లను ఎత్తడం చౌక, కాయడం ఖరీదు. ఇంట్లో ఉన్నంతకాలం ఆ ఖరీదు మన కళ్లబడదు. సీలేరులోనో సింహాద్రిలోనో తిరిగే టర్బైన్లు ఆ బరువు మోస్తుంటాయి, నెలాఖరుకు బిల్లు వస్తుంది, రెండు రోజులు గొణుక్కుని ఊరుకుంటాం. కరెంటు స్తంభంతో సంబంధం లేకుండా నీటి మీద తేలే పడవలో అలా కుదరదు. అక్కడ ప్రతి బకెట్టునూ బ్యాటరీ లోంచి ఎత్తాలి.

ఎత్తుకీ వేడికీ ఈ మారకం రేటు తేల్చినవాడు జేమ్స్ ప్రెస్కాట్ జౌల్. మాంచెస్టర్ పక్కనున్న సాల్ఫర్డ్‌లో బీరు తయారుచేసే కుటుంబంలో పుట్టాడు. నీళ్ల పాత్రలో చిన్న తెడ్ల చక్రం పెట్టి, బరువులు కిందికి దిగుతుంటే అది తిరిగేలా తాళ్లు కట్టి, తిరిగినకొద్దీ నీళ్లు ఎంత వేడెక్కాయో డిగ్రీలో వందోవంతు దాకా చూడగల థర్మామీటర్లతో కొలిచాడు. ఆయన కనుక్కున్న సంగతి నేటి లెక్కల్లో ఇదీ: నీళ్లు 427 మీటర్ల ఎత్తు నుంచి పడి, ఆ శక్తి అంతా వేడిగా మారితే, ఒకే ఒక్క డిగ్రీ వేడెక్కుతాయి. 1847 ఏప్రిల్‌లో మాంచెస్టర్‌లో ఈ సంగతుల మీద జౌల్ ఒక బహిరంగ ఉపన్యాసం ఇచ్చాడు. అదే ఏడాది ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని మొదలైంది. ఆ ఆనకట్ట మీంచి మూడు నాలుగు మీటర్లు దూకే గోదావరి ఎంత హోరెత్తినా సరే, జౌల్ లెక్క ప్రకారం ఆ దూకుడుకి డిగ్రీలో వందోవంతు కూడా వేడెక్కదు.

నీటికి ఇంత ఆకలి ఎందుకంటే దాని అణువులు ఒకదాన్నొకటి హైడ్రోజన్ బంధాలతో పట్టుకుని ఉంటాయి. ఇచ్చిన శక్తిలో చాలా భాగం ఆ పట్టు సడలించడానికే పోతుంది. లీటరు నీటిని ఒక్క డిగ్రీ పెంచాలంటే 4.186 కిలోజౌళ్లు కావాలి. దీన్నే పాఠ్యపుస్తకాల్లో విశిష్టోష్ణం అని చదువుకున్నాం. అంతే బరువున్న కొబ్బరినూనెకు ఇందులో దాదాపు సగం చాలు, ఇనుముకు తొమ్మిదో వంతు. అయితే ఈ గుణం వల్లే మనకొక మేలూ జరుగుతోంది. జనవరిలో రాజమండ్రి గాలి 18 డిగ్రీలకు దిగిన రాత్రి కూడా నది అంత తొందరగా చల్లబడదు. పగటి ఎండ దాచుకుని ఉంటుంది. రేవులో మునిగినవాళ్లకు బయటికంటే నీళ్లే వెచ్చగా ఉన్నాయనిపించేది అందుకే.

డెల్టా కాలువల మీద పూర్వం పడవల్లోనే బతికిన వాళ్లకు వేన్నీళ్ల బెంగ ఉండేది కాదు. 1852లో ఆనకట్ట పూర్తయ్యాక కాటన్ తవ్వించిన కాలువలు చేలకు నీళ్లివ్వడానికి మాత్రమే కాదు, సరుకు రవాణాకు కూడా. ధవళేశ్వరం నుంచి కాకినాడకు ఒకటి, విజ్జేశ్వరం నుంచి ఏలూరు మీదుగా విజయవాడకు ఇంకొకటి, అక్కణ్నుంచి కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువ పట్టుకుంటే మద్రాసు దాకా నీటి దారే. ధాన్యం బస్తాలు, కొబ్బరికాయలు, కలప, పెళ్లివారు, అందరూ లాకులు దాటుకుంటూ వెళ్లేవాళ్లు. గాలి వాలుగా ఉంటే తెరచాప, లేకపోతే గడ, అదీ కుదరకపోతే గట్టు మీద తాడు భుజాన వేసుకుని లాగడం. అలా లాగిన మనిషికి సాయంత్రం కావలసింది చన్నీళ్లే. కాలువలో ఒక్క మునక వేస్తే స్నానం అయిపోయేది. లారీలూ రైళ్లూ వచ్చి ఆ పడవలను గట్టెక్కించేశాయి. 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న ఈ కాలువలను, గోదావరి, కృష్ణా నదుల్లో కొంత మేర కలుపుకుని నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. ప్రకటన పొడవు వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు. అంత పొడవునా పడవలు తిరిగే రోజు ఇంకా రావలసే ఉంది.

వేన్నీళ్లు పడవెక్కింది పర్యాటకులతో. కోనసీమలో వశిష్ఠ పాయ ఒడ్డున దిండి దగ్గర పర్యాటకాభివృద్ధి సంస్థ కేరళ తరహా హౌస్‌బోట్లు తెచ్చింది. వెదురూ తాటాకుల ముసుగు కింద పడకగది, దానికి ఏసీ, పక్కనే స్నానాలగది, అందులో వేడినీళ్ల కుళాయి. బాపు 'అందాల రాముడు' (1973), శేఖర్ కమ్ముల 'గోదావరి' (2006) చూసి మురిసిపోయిన మనలో ఎవరూ లాంచీలో స్నానం సంగతి అడగలేదు. టికెట్టు కొని రాత్రి నీటి మీద పడుకునే కుటుంబం మాత్రం తప్పకుండా అడుగుతుంది, అందులోనూ ముసలివాళ్లూ పసిపిల్లలూ ఉంటే. హౌస్‌బోట్లలో ఇలాంటివాటికి మామూలుగా దిక్కు డీజిల్ జనరేటర్. రాత్రంతా దాని రొద, పొగ. ప్రశాంతత కోసం వచ్చినవాళ్లకు ఇది గిట్టదు. అందుకే అందరి చూపూ బ్యాటరీ మీద పడుతోంది. దీపాలకూ ఫ్యాన్లకూ ఫోన్లకూ బ్యాటరీ దర్జాగా సరిపోతుంది. చిక్కంతా బకెట్టు దగ్గరే.

మన బకెట్టుకు కావలసింది 0.28 యూనిట్. వినడానికి చిన్న అంకె. అదే 0.28 యూనిట్‌తో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు 31 గంటలు వెలుగుతుంది. 30 వాట్ల కొత్తరకం ఫ్యాను తొమ్మిది గంటలు, అంటే రాత్రంతా, తిరుగుతుంది. ఫోను పద్నాలుగు సార్లు నిండుతుంది. ఒక్క మనిషి, ఒక్క బకెట్టు!

ఇప్పుడు ఇళ్లలో ఇన్వర్టర్ కింద కనిపించే బ్యాటరీని తీసుకుందాం. 12 వోల్టులు, 150 యాంపియర్-అవర్ల ట్యూబులర్ బ్యాటరీ. యాభై అరవై కిలోల బరువు. గుణిస్తే 1.8 యూనిట్లు. సీసం బ్యాటరీని సగానికి మించి రోజూ పిండేస్తే త్వరగా చస్తుంది కాబట్టి వాడుకోదగ్గది 0.9 యూనిట్. ఇన్వర్టర్ తన వాటాగా పదో పన్నెండో శాతం తినేస్తుంది. మిగిలినదానితో మూడు బకెట్లకు కాస్త తక్కువ. కాగితం మీద లెక్క ఇది. పడవలో అదీ రాదు.

ఎందుకంటే 1,500 వాట్ల హీటర్ రాడ్డు ఇంట్లో 230 వోల్టుల మీద ఆరున్నర యాంపియర్లు లాగుతుంది. అదే శక్తి 12 వోల్టుల బ్యాటరీ లోంచి రావాలంటే 125 యాంపియర్లు, ఇన్వర్టర్ నష్టం కలిపితే 140. (ఇంట్లో వాడే మామూలు 900 వీఏ ఇన్వర్టర్ అయితే ఈ రాడ్డును చూడగానే ఓవర్‌లోడ్ లైటు వెలిగించి కూర్చుంటుంది.) బ్యాటరీ మీద రాసిన 150 అనే అంకె నిదానంగా, పది ఇరవై గంటలపాటు వాడుకుంటేనే నిజం. గంటలో ఖాళీ చేయబోతే అందులో దాదాపు సగం, మహా అయితే అరవై శాతం చేతికొస్తుంది. వేగంగా తోడితే బావిలో ఊట అందనట్టే, పలకల లోపలి ఆమ్లం బయటికీ బయటి ఆమ్లం లోపలికీ చేరే వ్యవధి ఉండదు. 1897లో పాయ్‌కెర్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ తరుగుదలకు ఒక సూత్రం కట్టాడు, ఈనాటికీ బ్యాటరీ ఇంజనీర్లు దాన్ని వాడతారు. ఇంకో నష్టం తీగల్లో. బ్యాటరీ నుంచి ఇన్వర్టర్‌కు వెళ్లే తీగకు ఓములో వందోవంతు నిరోధం ఉన్నా చాలు, 140 యాంపియర్ల దగ్గర అందులోనే దాదాపు 200 వాట్లు కాలిపోతాయి. స్నానానికి కాచుకోవలసిన వేడి తీగలకు పోస్తున్నామన్నమాట. అందుకే పెద్ద పడవల్లో 48 వోల్టుల వ్యవస్థ పెడతారు. వోల్టేజీ నాలుగింతలైతే కరెంటు నాలుగో వంతు, తీగలో నష్టం పదహారో వంతు.

దీనికి మందు ఒకటుంది. హడావిడి పడకపోవడం. 1,500 వాట్ల రాడ్డుతో పదకొండు నిమిషాల్లో కాచే నీళ్లను 300 వాట్ల చిన్న ఎలిమెంటుతో గంటసేపు కాస్తే బ్యాటరీ హాయిగా ఇస్తుంది. ఇన్వర్టర్ అక్కర్లేకుండా నేరుగా 12, 24 వోల్టుల మీద పనిచేసే ఎలిమెంట్లూ ఉన్నాయి. కాకపోతే మూతలేని బకెట్టులో గంటసేపు నీళ్లు కాస్తే ఒకవైపు వేడి ఎక్కుతూ ఇంకోవైపు ఆవిరితో పోతుంది. వేడి పోకుండా పొర కట్టిన ట్యాంకు తప్పనిసరి. ఆ ట్యాంకు సంగతికి మళ్లీ వద్దాం, అసలు కథ దానిదే.

లిథియం వచ్చాక పరిస్థితి మెరుగుపడింది. ఎలక్ట్రిక్ ఆటోల్లో వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం 12.8 వోల్టుల 100 యాంపియర్-అవర్ బ్యాటరీ పన్నెండు కిలోల దగ్గర ఉంటుంది, 1.28 యూనిట్లు పట్టుకుంటుంది, ఎనభై తొంభై శాతం దాకా వాడుకున్నా అలగదు, వేగంగా తోడినా ఊట తగ్గదు. మూడు బకెట్లు ఇస్తుంది. బరువులో సీసం బ్యాటరీకి ఐదో వంతు. వేడికి ఇది కూడా ఖరీదైన సంచే. పక్కన ఒక లీటరు డీజిల్ పెట్టి చూడండి. అందులో ఉన్న వేడి సుమారు 10 యూనిట్లు. అంటే ముప్పై అయిదు బకెట్లు, ఒక్క లీటరు సీసాలో. బ్యాటరీని తిట్టడానికి కాదు ఈ పోలిక. బ్యాటరీలో ఉన్నది ఏ పనికైనా మలుచుకోగల మేలురకం శక్తి. మోటారు తిప్పగలదు, ఫోను నింపగలదు, దీపం వెలిగించగలదు. దాన్ని తీసుకెళ్లి నలభై డిగ్రీల గోరువెచ్చదనం కోసం తగలెయ్యడం శాస్త్రం దృష్టిలో దుబారా. వేడి అన్నది పనులన్నిటి చివరా మిగిలే చిల్లర. ఆ చిల్లర పడవలో ఎక్కడ పారబోస్తున్నామో వెతుక్కుంటే చాలు.

మొదట ఇంజను. డీజిల్ ఇంజనులో పడిన నూనెలో సుమారు మూడో వంతే చక్రం తిప్పుతుంది. మిగిలింది పొగగొట్టంలోంచీ చల్లార్చే నీటిలోంచీ పోతుంది. పది హార్స్‌పవర్ ఇంజను బాగా పనిచేస్తున్నప్పుడు చల్లార్చే నీటిలోకే ఐదారు కిలోవాట్ల వేడి వదులుతుంది. అరగంటలో పది బకెట్లు కాచగల వేడి అది. మన పడవల్లో చాలావాటికి ఆ నీళ్లు తిన్నగా నదిలోకే. ఇంగ్లండు కాలువల్లో ఏడడుగుల వెడల్పున్న ఇరుకు పడవల్లో కాపురముండేవాళ్లు ఈ వేడిని పట్టుకోవడంలో ఆరితేరారు. అక్కడ నీళ్ల ట్యాంకులో రాగి గొట్టం చుట్టలు చుట్టి, ఇంజను వేడినీటిని దాని గుండా తిప్పుతారు. మధ్యాహ్నం రెండు గంటలు పడవ నడిపితే రాత్రికి వేన్నీళ్లు ఉచితం. ఆ ట్యాంకుకే ఒక కిలోవాటు కరెంటు ఎలిమెంటు కూడా ఉంటుంది, రేవులో కరెంటు దొరికితే వాడుకోవడానికి. బ్యాటరీతో దాన్ని వెలిగించాలని ఉబలాటపడే కొత్తవాళ్లకు పాతవాళ్లు చెప్పే లెక్క పైన మనం వేసిందే. కాకపోతే వాళ్ల లెక్క మనకంటే కఠినం. జనవరిలో వాళ్ల ట్యాంకు నీళ్లు 5 డిగ్రీల దగ్గర ఉంటాయి. 40కి చేర్చాలంటే 35 డిగ్రీలు ఎక్కించాలి, ఒక్కో బకెట్టుకు 0.61 యూనిట్. గోదావరి ఆ పనిలో సగానికి పైగా ముందే చేసిపెడుతోంది.

రెండోది ఏసీ. హౌస్‌బోటులో కరెంటు తినే రాక్షసి వేన్నీళ్లు కాదు, ఇదే. టన్నున్నర ఏసీ రాత్రంతా నడిస్తే ఆరేడు యూనిట్లు. ఇద్దరు మనుషుల స్నానానికి ఒక్క యూనిట్ కూడా కాదు. ఆ ఏసీ చేసే పనేమిటి? గదిలో వేడిని తోడి బయట పారబోయడం. బయటి పెట్టె ముందు నిలబడితే ముఖానికి కొట్టే గాలి అదే. పూర్తి జోరులో గంటకు ఆరున్నర యూనిట్ల పైన వేడి అలా కోనసీమ గాలిలో కలిసిపోతుంది. కంప్రెసర్ నుంచి బయటికొచ్చే వేడి వాయువును ముందు ఒక నీళ్ల గొట్టం పక్కగా పంపి, ఆ తర్వాతే బయటి పెట్టెకు చేర్చితే, పారబోసేదాంట్లో ఐదో వంతు పట్టుకున్నా మూడు నాలుగు గంటల్లో వంద లీటర్లు అరవై డిగ్రీలకు దగ్గరవుతాయి. పెద్ద హోటళ్లలో ఈ పద్ధతి ఉంది. పడవల్లో దీన్ని ఎవరూ ఎందుకు పట్టించుకోరో నాకు అర్థం కాదు. చలికాలంలో ఏసీ వెయ్యరు కదా అంటారా? టికెట్టులో ఏసీకి డబ్బు కట్టినవాళ్లు దుప్పటి కప్పుకునైనా వేస్తారు.

ఏసీని ఆనుకుని కాకుండా విడిగానే ఇలా వేడిని తోడే యంత్రాలు, హీట్ పంపులు, దొరుకుతున్నాయి. అవి కరెంటుతో వేడి పుట్టించవు, చుట్టూ ఉన్న గాలిలోని వేడిని కరెంటుతో మోసుకొస్తాయి. ఒక యూనిట్ కరెంటు తీసుకుని మూడు, మూడున్నర యూనిట్ల వేడి నీళ్లలో పెడతాయి. గాలి ఎంత వెచ్చగా ఉంటే అంత సులువు కనుక డెల్టా వాటికి అత్తవారిల్లు. మన బకెట్టు 0.28 నుంచి 0.08 యూనిట్‌కు దిగుతుంది. పెట్టె సైజూ ధరా చిన్న పడవకు ఎక్కువే. పది మంది పడుకునే పడవకైతే ఆలోచించవచ్చు.

ఇక ట్యాంకు. పడవ కప్పు మీద 540 వాట్ల సౌర పలక ఒకటి పడితే, డెల్టా ఎండకు రోజుకు రెండు యూనిట్లకు తగ్గకుండా ఇస్తుంది. ఉదయమంతా బ్యాటరీ నింపుతుంది. మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంట అయ్యేసరికి బ్యాటరీ నిండిపోతుంది. అప్పుడు కంట్రోలర్ చేసే పని పలకలను "చాలు" అని ఆపడం. ఎండ కాస్తూనే ఉంటుంది, పలక ఖాళీగా ఉంటుంది. ఆ సమయంలో కరెంటును ట్యాంకులోని ఎలిమెంటుకు మళ్లిస్తే, పోయేదేమీ లేదు. వంద లీటర్లను 24 నుంచి 60 డిగ్రీలకు పెంచితే అందులో 4.2 యూనిట్లు దాగినట్టు. అంత శక్తిని సీసం బ్యాటరీల్లో దాయాలంటే 150 యాంపియర్-అవర్లవి ఐదు కావాలి, దాదాపు మూడు వందల కిలోలు, నాలుగైదేళ్లకోసారి మార్చాలి. నీళ్లు ఎన్నేళ్లైనా అరగవు. అరవై డిగ్రీల నీటిలో నదినీళ్లు కలుపుకుంటే వంద లీటర్లు 225 లీటర్లవుతాయి. పదిహేను బకెట్లు! యాభై మిల్లీమీటర్ల పఫ్ నురగ పొర ఉన్న ట్యాంకు సాయంత్రం నుంచి తెల్లారేలోపు కోల్పోయేది నాలుగైదు డిగ్రీలే. అరవైకి కాచడంలో ఆరోగ్యం కూడా ఉంది. గోరువెచ్చగా నిలవున్న నీటిలో, ముఖ్యంగా 25 నుంచి 45 డిగ్రీల మధ్య, లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. షవరు తుంపరల్లోంచి అది ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. అరవై దగ్గర బతకలేదు.

అంత తంటా ఎందుకు, ఇళ్ల మీద పెట్టే సోలార్ వాటర్ హీటరే పడవ కప్పు మీద పెట్టేస్తే పోదా? ఎండలోని వేడిని పట్టుకోవడంలో అది కరెంటు పలకకంటే రెండింతల పైగా సమర్థం, ఆ మాట నిజం. రెండు చదరపు మీటర్లలో రోజుకు వంద లీటర్లు ఇస్తుంది. కానీ ఆ వంద లీటర్లు వంద కిలోలు, అదీ కప్పు మీద. పడవకు బరువు అడుగున ఉంటే నిలకడ, నెత్తిన ఉంటే గండం. సగం నిండిన ట్యాంకు ఇంకా చెడ్డది, పడవ ఒరిగిన వైపే నీళ్లూ పరుగెత్తి ఆ ఒరుగుడును పెంచుతాయి. జనం అంతా ఫొటోల కోసం ఒకే పక్కకు చేరే పర్యాటక పడవలో ఇది అసలు చెయ్యకూడని పని. ఇరవై ఎనిమిది కిలోల పలక పైన, నీళ్ల ట్యాంకు అడుగున, మధ్యలో తీగ. నా ఓటు దీనికే.

సౌరశక్తితో ప్రయాణికుల పడవ నడపడం ఊహ కాదు. కేరళలో వైకం, తవణక్కడవు మధ్య 2017 జనవరి నుంచి 75 మందిని మోసే 'ఆదిత్య' నడుస్తోంది. కప్పు మీద 20 కిలోవాట్ల పలకలు, అడుగున 50 యూనిట్ల లిథియం బ్యాటరీ. వేంబనాడు సరస్సు లోతైన ప్రవాహం ఉన్న నది కాదు కాబట్టి వరదల గోదావరికి అదే పడవ సరిపోదు. నిదానంగా కదిలే కాలువలకూ, దిండి లాంటి పాయలకూ పనికొచ్చే పాఠం అందులో ఉంది.

వేడి కోసం బ్యాటరీని తప్పించుకోబోయి ఇంకో గోతిలో పడకూడదు. స్నానాలగదిలో గ్యాస్ గీజరు పెట్టి తలుపేసుకుంటే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది, దానికి వాసన ఉండదు. ఇళ్లలోనే ప్రాణాలు పోతున్నాయి, పడవ గది ఇంకా ఇరుకు. పైగా ఎల్‌పీజీ గాలికంటే బరువు. ఇంట్లో లీకైతే కిటికీలోంచో గడప కిందనుంచో పోతుంది. పడవలో అడుగున చేరి నిప్పురవ్వ కోసం కాచుకుంటుంది. కొబ్బరి చిప్పలు వేసి కాచే రాగి బాయిలరు మన ఇళ్లలో గొప్ప యంత్రమే. మధ్యలో పొగగొట్టం, చుట్టూ నీళ్లు, వేడి ఎటుపోయినా నీటిని తాకే పోవాలి. దాని చోటు రేవు గట్టు, తాటాకు కప్పు కింద కాదు. హీటర్ రాడ్డు సంగతి చెప్పనే అక్కర్లేదు. తడి నేల, ఇనుప బకెట్టు, ఇన్వర్టర్ కరెంటు మూడూ కలిసిన చోట, ఇన్వర్టర్ న్యూట్రల్‌ను పడవ ఎర్తుకు సరిగా కలపకపోతే, షాక్ కొట్టినప్పుడు ఆపాల్సిన బ్రేకరు కదలకుండా ఊరుకుంటుంది. సీసం బ్యాటరీలున్న గదికి గాలి ఆడాలి, నిండాక కూడా ఛార్జి చేస్తుంటే హైడ్రోజన్ వదులుతాయి, గాలిలో అది నాలుగు శాతం చేరితే చాలు అంటుకోవడానికి.

దిండి దగ్గర ఇంకో స్థానిక తలనొప్పి. అంతర్వేది వైపు నుంచి పోటు వచ్చినప్పుడు, ముఖ్యంగా నదిలో నీళ్లు తగ్గిన ఎండాకాలంలో, పాయ ఉప్పగా మారుతుంది. ఆ నీళ్లను ట్యాంకులోకి తోడితే ఎలిమెంటు తొడుగు తినేస్తుంది. గీజర్లలో ఉండే మెగ్నీషియం కడ్డీ తానరిగి ట్యాంకును కాపాడుతుంది గానీ ఉప్పునీటికి నెలల్లో కరిగిపోతుంది. స్నానానికి మంచినీళ్లు ఒడ్డునే నింపుకోవాలి. జూలైలో వచ్చే ఎర్రనీళ్లైతే పటిక వేసి తేర్చాకే ట్యాంకులోకి పోయాలి. లేకపోతే అడుగున పేరుకున్న ఒండ్రు ఎలిమెంటును కప్పేస్తుంది, వేడి నీళ్లలోకి పోలేక లోపలి తీగే మాడిపోతుంది.

రెండు గదులు, నలుగురు మనుషులు, పొద్దునా సాయంత్రం కలిపి పన్నెండు బకెట్లు అనుకుంటే 3.4 యూనిట్ల వేడి కావాలి. ఎనభై లీటర్ల ట్యాంకును రోజుకోసారి అరవై డిగ్రీలకు కాస్తే సరిపోతుంది. వేన్నీళ్ల వాటాకు రెండు సౌర పలకలు, ఒక కిలోవాటు ఎలిమెంటు, ఇంజను నుంచి ఒక రాగి చుట్ట. ఇంగ్లండులో ఇదే అమరిక శీతకాలంలో బోల్తా కొడుతుంది. డిసెంబరులో వాళ్లకు చదరపు మీటరుకు రోజుకు ఒక యూనిట్ ఎండ కూడా పడదు, చలి ముదిరినకొద్దీ సూర్యుడు మొహం చాటేస్తాడు. మన దగ్గర వ్యవహారం తలకిందులు. ధనుర్మాసంలో తెల్లవారుజామున మంచు కురిసినా పది గంటలకల్లా ఆకాశం తేటపడుతుంది. వేన్నీళ్లు కావలసిన రోజులూ ఎండ దండిగా ఉన్న రోజులూ ఒకటే.

మబ్బు పట్టేది ఆషాఢ శ్రావణాల్లో. అప్పుడు నదినీళ్లు 28 డిగ్రీల దగ్గర ఉంటాయి, సగంమంది వేన్నీళ్లు అడగరు. మిగతావాళ్లకు పడవ కదిలినప్పటి ఇంజను వేడి చాలు. ముసురు పట్టి, పడవ రేవుకు కట్టేసి, ట్యాంకు కూడా చల్లారిన రోజున మాత్రం, జ్వరం తగ్గి లేచిన పిల్లకో, మోకాళ్ల నొప్పుల బామ్మగారికో ఒక్క బకెట్టు కావాలంటే బ్యాటరీని అడగాల్సిందే. 28 నుంచి 40కి 0.21 యూనిట్. ఆ రాత్రి ఒక గదిలో ఫ్యాను ఏడు గంటలు తిరిగే కరెంటు. ముసురులో ఫ్యాను ఎవరు వేసుకుంటారు గనుక.